మేడమ్ పురుడు

నడిగూడెంలో బుచ్చమ్మ చేతికి ఉన్న మంచి పేరు బుచ్చమ్మ నోటికి లేదు. ఆమె నోరు విప్పితే ఎదుటివాళ్లు పక్కకు తప్పుకుంటారు గానీ, చెయ్యి మాత్రం బంగారమని ఆడవాళ్లంతా ఒప్పుకుంటారు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో ఆమె ముప్పై రెండేళ్లు ఆయాగా చేసింది. కడుపు మీద అరచెయ్యి ఆనించి, బిడ్డ తల ఎటుందో, వస్తున్నవి అసలు నొప్పులో ఉత్తుత్తి నొప్పులో చెప్పేది. తన చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదని ఊరంతా తిరిగి తనే చెప్పుకుంది. తప్పినవి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు కాబట్టి అదే నిజమైపోయింది.

అరవై దాటాక మోకాళ్లు మొరాయిస్తే పని మానుకుని సొంతూరు వచ్చేసింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. వచ్చేటప్పుడు ఆసుపత్రి వెనక గేటు దగ్గర తిరిగే గోధుమరంగు ఆడ కుక్కపిల్లను సంచిలో వేసుకుని తెచ్చుకుంది. అది పిలిస్తే రాదు. వచ్చినా కాసేపు నిలబడి, మనిషిని పైనుంచి కిందికి చూసి వెళ్లిపోతుంది. అలాంటివాళ్లను ముప్పై రెండేళ్లపాటు మేడమ్ అని పిలిచిన అలవాటు కనుక దానికీ ఆ పేరే పెట్టింది.

ఊళ్లో బుచ్చమ్మకు తిండికి లోటు లేదు, పిలుపుకే లోటు. ఇప్పుడు ఎవరికి నెలలు నిండినా ఆశా వర్కర్ వస్తుంది, అంబులెన్స్ వస్తుంది, కోదాడలో స్కాన్ తీస్తారు. అదంతా మంచికేనని ఆసుపత్రిలో బతికిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా తనను ఎవరూ పిలవడం లేదన్న దిగులు ఆమెను తినేస్తుండేది. ఇలా ఉండగా పక్కింటి గౌరయ్య కోడలు సీత కడుపుతో ఉంది. సీతకు తల్లి లేదు, అత్తా లేదు. మొగుడు కార్తీక్ మిర్యాలగూడ రైసు మిల్లు లారీ ఎక్కితే వారానికోసారి ఇంటికొస్తాడు. కాన్పుకు ఆసుపత్రిలో తోడు ఎవరుండాలి అన్న మాట వచ్చినప్పుడు సీత నేరుగా బుచ్చమ్మ పేరు చెప్పింది.

గౌరయ్య ససేమిరా అన్నాడు. ఒకప్పుడు ఆయన మేకలు బుచ్చమ్మ బెండ మడిలో పడ్డాయి. ఆరోజు ఆమె మేకలను వదిలేసి ఆయన్ను అన్న మాటలు ఆయన ఇంకా మరిచిపోలేదు. ఆ ముసలిదాని చేతికి కాలం చెల్లిందని, ఆమెను నమ్మి కోడలిని పంపేది లేదని తేల్చేశాడు.

సరిగ్గా అప్పుడే మేడమ్ పొట్ట పెరిగింది. చన్నులు ఉబ్బాయి. వెనక గదిలో మూలకు పోయి నేలను కాళ్లతో గీరడం మొదలుపెట్టింది. బుచ్చమ్మ దాన్ని పక్కకు పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, నాలుగు పిల్లలని, పై గురువారానికి ఈనుతుందని ప్రహరీ మీదుగా గౌరయ్యకు వినపడేలా చెప్పింది. గౌరయ్య నవ్వాడు. ఎదకొచ్చినన్నాళ్లూ కుక్కను ఇంట్లో పెట్టి గొళ్లెం వేసింది నువ్వే కదా, మగకుక్క ఎక్కణ్ణుంచి ఊడిపడిందని అడిగాడు. గోడలున్నది దూకడానికేనని బుచ్చమ్మ జవాబు.

గౌరయ్య బీడీ ఆర్పాడు.

“ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సరే వొదినె, నువ్వన్న గురువారానికి కుక్క ఈనితే నా కోడలెంబడి నువ్వే పో. ఈనకుంటే మల్ల నా గడప తొక్కకు.”

బుచ్చమ్మ సరేనంది. ఇక మేడమ్‌కు జరిగిన సేవ ఆ ఊళ్లో ఏ పచ్చి బాలింతకూ జరిగి ఉండదు. వార్డులో తల్లులకు పాలు పడటానికి ఏమేం చేసేదో అన్నీ చేసింది. వేడినీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెట్టింది, నువ్వుల నూనెతో మర్దన చేసింది, రోజూ పొద్దునా సాయంత్రం పిండి చూసింది. జొన్న గట్కలో వెల్లుల్లి దంచి పోసింది. మూడో రోజుకు పాలచుక్క కనిపించింది. ఆ చుక్కను అరచేతిలో పెట్టుకుని గౌరయ్య వాకిలి ముందు నుంచి రెండుసార్లు నడిచింది. పుట్టబోయే నాలుగు పిల్లలనూ నాలుగిళ్లకు మాటిచ్చేసింది.

మేడమ్ చెవుల అంచులూ మోచేతులూ మాత్రం అదే వారంలో వెంట్రుకలు రాలి పొక్కులు తేలాయి. కడుపు వేడి అనుకుని బుచ్చమ్మ పసుపు, వేపనూనె పట్టించింది. తగ్గకపోయేసరికి ట్రాక్టరు షెడ్డు నుంచి కాలిన ఇంజినాయిలు తెచ్చి పూసింది. కుక్క నల్లగా నిగనిగలాడింది గానీ గోకుడు మానలేదు.

గురువారం వచ్చింది, వెళ్లింది. మేడమ్ ఈనలేదు. అయితే ఊరికే కూర్చోలేదు కూడా. వీధిలో ఎవరివో రెండు రబ్బరు చెప్పులు, ప్రహరీ మీద ఆరేసిన గౌరయ్య ఎర్ర తువ్వాల, బుచ్చమ్మ పందిరి కింది లేత సొరకాయ ఒకటి ఎత్తుకొచ్చి మూలన పేర్చుకుంది. వాటిని పొట్ట కిందకు లాక్కుని నాకుతూ పడుకుంది. అన్నిట్లోకీ సొరకాయ అంటే దానికి ఎక్కువ ప్రాణం. దగ్గరికెళ్తే బుచ్చమ్మ మీదే గుర్రుమంది.

శుక్రవారం పొద్దున బుచ్చమ్మ గది తలుపుకు వేపమండ గుచ్చి, మేడమ్ గురువారం రాత్రే ఈనిందని, నాలుగూ క్షేమమని వీధంతా చెప్పింది. చూస్తామంటే కుదరదంది. పురుడు కదా, పదకొండు రోజులు ఎవరూ ఆ గడప దాటకూడదు, పిల్లలకు దిష్టి, చూసినవాళ్లకు మైల. పురిటి మైల అంటే ఆ ఊళ్లో ఎవరూ ఎదురుచెప్పరు. కుక్కకు మైలేమిటని అడగబోయినవాళ్లు కూడా, ఒకవేళ ఉందేమోనని ఊరుకున్నారు. పందెంలో ఓడిన గౌరయ్య బీడీ మీద బీడీ కాల్చాడు. సీత గోడ మీదుగా బాలింతకని పాలన్నం గిన్నె అందించింది. ఆ గిన్నె అందుకుంటుంటే బుచ్చమ్మకు ఒక్క క్షణం సిగ్గేసింది గానీ ఆ క్షణం తొందరగానే గడిచిపోయింది.

ఆమె ధీమా వేరు. మిర్యాలగూడలో చెల్లెలి కూతురు మనీషా ఉంది. వాళ్ల మిల్లు దగ్గర కుక్క ఒకటి లారీ కింద పడి చనిపోతే దాని పసిపిల్లలు దిక్కు లేకుండా పడి ఉన్నాయట. వాటిని పన్నెండో రోజు పొద్దున బస్సులో గుట్టుగా తెచ్చి మేడమ్ పక్కన పడేస్తే చాలు.

ఆరో రోజు బుచ్చమ్మ రేషన్ బియ్యానికి వెళ్లి వచ్చేసరికి గదిలో తువ్వాల కనిపించలేదు. మూలన బిస్కెట్ ముక్కలు రాలి ఉన్నాయి. మర్నాడు అదే ఎర్ర తువ్వాల గౌరయ్య భుజం మీద ఉంది. ఎలా వచ్చిందని అడగడానికి ఆమెకు నోరు లేదు, ఏం చూశానో చెప్పడానికి ఆయనకు మొహం లేదు. మనిషి లేనప్పుడు ఒంటరి ఆడదాని ఇంట్లో, అదీ పురిటి గదిలో దూరానని ఏ మగాడు చెప్పుకుంటాడు? తేలు కుట్టిన దొంగలా ఆయన కిమ్మనకుండా మేకలు తోలుకుపోయాడు.

ఎనిమిదో రోజుకు బుచ్చమ్మ ముంజేతుల మీద, నడుము చుట్టూ ఎర్రటి దద్దుర్లు లేచాయి. అటుపక్క గౌరయ్య మెడను అరుగు స్తంభానికేసి రుద్దుకుంటున్నాడు. పదో రోజు మేడమ్ చెవిని రక్తం వచ్చేలా గోక్కుంది. అప్పుడు మాత్రం బుచ్చమ్మ భయపడింది. పందెం సంగతి పక్కన పెట్టి, కుక్కను పాత చీరలో చుట్టుకుని, ఆటోలో కోదాడ పశువుల దవాఖానకు తీసుకెళ్లింది.

అక్కడ గ్రేస్ అనే చిన్నవయసు డాక్టరు ఉంది. అందరూ ఆమెను మేడమ్ అని పిలిచినప్పుడల్లా కుక్క తలెత్తి చూసింది. డాక్టరు దాని పొట్ట నొక్కి చూసింది, చెవి మీది పొక్కు గీరి సూక్ష్మదర్శిని కింద పెట్టింది, ఇంజినాయిలు వాసన చూసి మొహం చిట్లించింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

“దీనికి కడుపే రాలేదమ్మా. ఎద అయిపోయిన రెండు నెలలకు కొన్నిటికి ఇలా అవుతుంది. కడుపు వచ్చినట్టే పొట్ట పెరుగుతుంది, పాలు పడతాయి. వదిలేస్తే అదే తగ్గిపోయేది. మీరు రోజూ కాపడం పెట్టి పిండి, పాలు ఆగకుండా చేశారు.”

ముప్పై రెండేళ్లు బిడ్డ ఎటు తిరిగి ఉందో చెప్పిన చేతిని బుచ్చమ్మ కొంగు కింద దాచుకుంది. డాక్టరు ఇంకా చాలా చెప్పింది. పాలు పిండొద్దు, కాపడం వద్దు, వెల్లుల్లి అసలే వద్దు. ఆ చెప్పులూ సొరకాయా ఒక్కొక్కటిగా తీసేసి, కుక్కను రోజూ నడిపించాలి. ఇదంతా తగ్గాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవచ్చు. ఇక చర్మానికి వచ్చింది గజ్జి, పురుగు వల్ల వస్తుంది. ఈరోజు ఒక సూది, రెండు వారాలకు మరొకటి. గుడ్డలన్నీ మరిగే నీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. నయమయ్యేదాకా ఇంకో కుక్కను గానీ పిల్లను గానీ దాని దరికి రానివ్వకూడదు. దాన్ని ముట్టుకున్న మనుషులకూ, దాని గుడ్డలు ముట్టుకున్నవాళ్లకూ దురద వస్తుంది, వాళ్లు మనుషుల డాక్టరుకు చూపించుకోవాలి. ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా అని అడిగితే, ఇంట్లో లేరు గానీ గోడవతల ఒకాయన ఉన్నాడంది బుచ్చమ్మ.

ఆటోలో తిరిగొస్తూ ఆమె ఒక్కతే నవ్వుకుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఇక్కడ కందకూ ఉంది, దొంగచాటుగా వచ్చిన కత్తిపీటకూ అంటుకుంది. గౌరయ్య నోరు విప్పలేడు. పిల్లలను గదిలో కాకుండా వసారాలో పెట్టి చూపించి అప్పుడే పంచేస్తే ఆ గజ్జి గొడవా ఉండదు. ఇంతలో మనీషా ఫోన్ చేసింది. పిల్లలు నాలుగూ దొరికాయట, లెక్క కూడా సరిగ్గా సరిపోయింది. ఎల్లుండి పొద్దున వస్తే చాలంది.

ఆటో దిగేసరికి సీత గోడ దగ్గర పాలన్నం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. గిన్నె ఇచ్చి, వేళ్ల సందులు గోక్కుంది. రెండు మణికట్టుల మీదా ఎర్రటి పొక్కులు ఉన్నాయి. ఏమైందని అడిగితే, నెలలు నిండుతుంటే ఇట్లనే ఉంటదని మామ అన్నాడంది. మొన్న మామ తువ్వాల బాగా మాసిపోతే పిండి ఆరేసిన, ఆ సబ్బు పడలేదేమో అని కూడా అంది.

బుచ్చమ్మ నవ్వు ఆరిపోయింది. మేడమ్‌ను ఇంట్లో కట్టేసి, గడప మీద కూర్చుంది. నోరు మూసుకుంటే ఇంకో రెండు రోజుల్లో చేతికి పేరు దక్కుతుంది, సీతకు తోడుగా వెళ్లే మాట దక్కుతుంది. నోరు విప్పితే రెండూ పోతాయి. సీత మాత్రం మామ మాట నమ్మి, డాక్టరుకు చూపించుకోకుండా, ఆ తువ్వాలనే మళ్లీ మళ్లీ ఉతుకుతుంది. బుచ్చమ్మ మనీషాకు ఫోన్ చేసి పిల్లలు వద్దని, వాటిని ఎవరైనా మంచివాళ్లకు ఇమ్మని చెప్పింది. పొద్దు వాలకముందే గౌరయ్య అరుగు ముందుకెళ్లి నిలబడింది. అరుగు మీద గౌరయ్యతో పాటు చిట్యాల కోటయ్య, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. సీత గుమ్మంలో ఉంది.

“నా చెయ్యి తప్పింది,” అంది బుచ్చమ్మ. “మేడమ్‌కు పిల్లలు లేవు. పురుడని నేనే అబద్ధం చెప్పిన. మిర్యాలగూడ నుంచి ఎవల పిల్లల్నో తెచ్చి చూపెడదామనుకున్న, ఇప్పుడే వద్దన్న. దానికున్నది గజ్జి. నాకు అంటింది, అది గదిలకు ఎత్తుకొచ్చిన ఈ తువ్వాలకు అంటింది, తువ్వాల పిండిన సీతకు అంటింది. రేపు పొద్దుగాల్నే పిల్లను దవాఖానకు తీస్కపోండ్రి. కుక్కకు గజ్జి ఉందని డాక్టరుకు చెప్పుండ్రి, దాస్తే మందు సరిగ్గ ఇయ్యరు.”

కోటయ్య, కుక్క ఎత్తుకెళ్లిన తువ్వాల పురిటి గది నుంచి గౌరయ్య భుజం మీదికి ఎలా నడిచొచ్చిందని అడిగాడు. అందరి చూపూ గౌరయ్య మెడ మీద పడింది. ఆ మెడ ఎర్రగా కంది ఉంది. గౌరయ్యకు కోపం ముంచుకొచ్చింది. కోపంలో బుచ్చమ్మను ఒక దెబ్బ కొట్టాలనుకుని నోరు జారాడు.

“ఇంతకూ ఆ సొరకాయకు ఏం పేరు పెట్టినవ్ వొదినె?”

సొరకాయ సంగతి బుచ్చమ్మ చెప్పనే లేదు. ముందు కోటయ్యకు అర్థమైంది, తర్వాత అందరికీ. సీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. గౌరయ్య తల వంచుకుని తువ్వాల తీసి దూరంగా విసిరేశాడు.

బుచ్చమ్మకు నవ్వు రాలేదు. పందెం పోయింది, అందరి ముందూ పేరు పోయింది, ఇక ఆ గడప తొక్కే పని లేదు. మోకాలు పట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది. వెనక నుంచి గౌరయ్య గొంతు గట్టిగా వినపడింది.

“ఆ చేత్తోని నా కోడల్ని ముట్టుకోకు.”

ఆమె అక్కడే ఆగిపోయింది. ముప్పై రెండేళ్లలో ఆ చేతిని ఎవరూ అలా అనలేదు. గౌరయ్య గొంతు సవరించుకున్నాడు.

“డాక్టరు మందు ఇస్తడు గద. అది రెండు మార్లు రాసుకున్నంక ముట్టుకో.”

కాన్పుకు ఏ తారీఖు ఇచ్చారని బుచ్చమ్మ వెనక్కి తిరగకుండానే అడిగింది. తిరిగితే కళ్లనీళ్లు కనపడతాయి. గౌరయ్యకు ఆ సంబరం కూడా చేతికి అందివ్వడం ఆమెకు ఇష్టం లేదు.