హెప్సిబా సాక్ష్యం

కరీంనగర్‌లో మా చర్చి సంఘంలో ఆదివారం ఆరాధన చివర ఆడవాళ్లు లేచి, దేవుడు చేసిన మేళ్లు తలుచుకుంటూ సాక్ష్యం చెప్తారు. ఎంతైనా ఏడవొచ్చు గానీ మొగుడి మీద మాట రాకూడదు. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలట, చెప్పొచ్చారు పెద్దలు!

హెప్సిబా ప్రైవేటు దవాఖానాలో నర్సు. చాప మీద నా పక్కనే కూర్చునేది. కన్ను వాచి మూసుకుపోయిన ఆదివారం కూడా లేచి, "నా భర్త ఫిలిప్‌ను బట్టి దేవునికి స్తోత్రం" అంది. మగవాళ్ల వైపు నుంచి ఆ ఫిలిప్ గట్టిగా "ఆమెన్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

బెల్టుతో కొట్టేవాడు. జుట్టు పట్టి తలను గోడకేసి బాదేవాడు. వాడి చేతులు పడిపోను! ఆ ఇంట్లోంచి ప్రాణంతో బయటపడాలంటే ఆమెకు ఒకటే దారి, విదేశంలో నర్సు ఉద్యోగం. దానికి ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష గట్టెక్కాలి. ఇల్లు, కుటుంబం, ఊరు అని టాపిక్‌కు కొన్ని మాటలు కోచింగ్‌లో ఇచ్చారు. గిన్నెలు తోముతూ "కేరింగ్, సపోర్టివ్, హ్యాపీ హోమ్" అని వల్లె వేసేది.

పరీక్ష దగ్గర పడ్డాక ఫిలిప్ విన్నాడు. "ఎవనితోని ముచ్చట్లే?" అని కుక్కర్ మూతతో మూతి మీద కొట్టాడు. ముందు పన్ను ఊడింది, పెదవి చీలింది. "ఇగ మాట్లాడు ఇంగ్లీషు!" అని నవ్వాడట. కుట్లు పడిన పెదవితోనే ఆమెను పరీక్షకు హైదరాబాద్ బస్సెక్కించి నేనూ వెంట వెళ్లాను.

తిరుగు ప్రయాణంలో చెప్పింది. "మీ ఇంట్లో మనిషి గురించి రెండు నిమిషాలు చెప్పుమన్నరు పెద్దమ్మా. అలవాటుకొద్ది లేచి నిలబడి ప్రైజ్ ద లార్డ్ అన్న. కూసోమన్నరు."

"తర్వాత కేరింగ్ అన్నవా?"

"కుట్లు సలుపుతుంటే గా మాట ఎట్లొస్తది? కొడ్తడు, తంతడు, నెత్తురొస్తది అని ఇంగ్లీషుల చెప్పిన. నాకు మాటలు తడుముకునే పనే పడలే. ఆపుమన్నా ఆగలే."

ప్యాసయింది. ఆ ఆదివారం సాక్ష్యానికి లేచింది. "ప్రభువుకు స్తోత్రం. గీ పన్ను నా మొగడు రాలగొట్టిండు" అని మొదలుపెట్టింది. బెల్టు చెప్పింది, గోడ చెప్పింది. ఫిలిప్ చాపలు తొక్కుకుంటూ వచ్చి అందరి ముందే ఆమె జుట్టు పట్టుకున్నాడు. నేను లేచి వాడి చెంప ఛెళ్లుమనిపించాను. నా వెనకే ఆడవాళ్లంతా లేచి, వాడి చొక్కా చిరిగేదాకా గుంజి గడప అవతలికి నెట్టారు.

పాస్టరు అయ్యగారికి చెమటలు పట్టాయి. "ఇక చాలు తల్లీ, కూసో" అన్నారు.

హెప్సిబా చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"కూసోను అయ్యగారూ. నేను చెప్పేది ఇంక అయిపోలే."