ఇరవయ్యో బిందె

సర్జాపుర రోడ్డు పక్కన మా అపార్ట్‌మెంట్లో నెలనెలా ఎవరింట్లో ఎన్ని నీళ్ళు వాడారో ఫోన్ గ్రూపులో పెడతారు. పదమూడు కిలోలీటర్లని చూడగానే ఎవరో ఒకరు నన్ను అడుగుతారు, మేడం, అంటే ఎంత అని. కిలోలీటరంటే వెయ్యి లీటర్లు, పదమూడు వేలు అని రాసేస్తాను. మనసులో మాత్రం ఎనిమిది వందల అరవై ఆరు బిందెలు అనుకుంటాను. ఒక్క నెలకా అని ఒళ్ళు మండుతుంది. బిందెల్లోకి మార్చుకుంటే తప్ప లీటరు నా బుర్రకెక్కదు.

నా చిన్నప్పుడు కాటన్‌పేటలో మేముండింది వఠారంలో. ఒకే నడవ మీద ఆరిళ్ళు, అన్నిటికీ ఒకటే కొళాయి, దినం మార్చి దినం పొద్దున ఒక గంట నీళ్ళు. అందరికన్నా ముందునుంచీ ఉన్నది మా అవ్వ, అందుకే మొదటి వంతు ఆమెది. బిందె పెట్టి ఒకటి, రెండు అని మెల్లిగా లెక్కపెట్టేది. నిండేలోపల ఎంత లెక్కొచ్చిందో చూసి, ఆ పొద్దు నీళ్ళెట్లుంటాయో చెప్పేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అక్క కొడుకును తొట్టిల్లో, అదే ఉయ్యాల్లో, వేసే రోజొచ్చింది. ఆ బిడ్డను తన చేతుల్తోనే వేయాలని అవ్వకు ఎన్నాళ్ళ ఆశో. వంటకు, గిన్నెలకు, అందరి స్నానాలకు కలిపి ఇరవై బిందెలు కావాలని ముందే తేల్చింది. అదే వారం బళ్ళో మాకు ప్రవాహం లెక్కలు చెప్పారు. ఇంక నన్ను పట్టేదెవరు!

నాయన వాచీ పెట్టుకుని మొదటి బిందె నేనే పట్టాను. నిమిషన్నరకు నిండింది. బిందెకు పదిహేను లీటర్లు, అంటే నిమిషానికి పది, గంటకు ఆరువందలు, నలభై బిందెలు. మాకు అందులో సగం చాలు.

"అవ్వా, నువ్వు పోయి కూర్చో, అరగంటలో అయిపోతాది," అన్నాను.

"అట్లనా పాపా? నీ చదువు నాకేం తెలుసు," అని మురిసిపోతూ లోపలికి పోయింది.

నా గొప్ప చూపించుకోవాలి కదా, మిగతా ఐదిళ్ళవాళ్ళనూ ముందు పట్టుకోమన్నాను. అరగంట తర్వాత మా బిందె పెడితే ధార సన్నబడిపోయింది. వీధంతా కొళాయిలు తిప్పితే నీళ్ళు తగ్గుతాయని బళ్ళో ఎవరూ చెప్పలేదు. బిందెకు మూడు నిమిషాలు పట్టింది. పది నిండేసరికి కొళాయి గాలి ఊదింది. అన్నీ కలిపి పదకొండు.

ఏడుస్తూ పోయి చెప్పాను. అవ్వ నడవలోకొచ్చి, "పాప మీకు ముందిచ్చిందంట, ఇప్పుడు మాకు కొంచెం తక్కువ ఉండాది," అంది, అంతే. ఐదిళ్ళ నుంచి ఎనిమిది బిందెలొచ్చాయి. పంతొమ్మిది. హమ్మయ్య అనుకున్నాను. ఒక్కటి తగ్గితే ఏం కొంప మునిగిందిలే అని కూడా అనుకున్నాను.

"మొదటి బిందెను చూసే లెక్క కట్టేస్తే ఎట్ల పాపా, కడా బిందెను కూడా చూడల్ల," అంది అవ్వ నా తల నిమురుతూ.

అందరూ స్నానాలు చేశారు, నలభై మంది తిన్నారు. బిడ్డను తొట్టిల్లో వేసే వేళకు అవ్వ లోపలికి రాలేదు. వచ్చేవాళ్ళను పలకరించాల, నువ్వే వెయ్యి అని అమ్మకు చెప్పి వాకిట్లోనే నిలబడింది. అక్కణ్ణుంచే తొంగి చూసింది. భోజనానికి పిలిస్తే తర్వాత తింటాలే అంది. నేను పాయసం రెండోసారి వేయించుకుంటూ ఉన్నాను.

ఇంట్లో అందరి స్నానాలూ అయినాకే అవ్వ పోసుకునేది. స్నానం కాకుండా దేవుడి దగ్గరికి పోదు, శుభకార్యంలో చెయ్యి పెట్టదు, మెతుకు ముట్టదు. ఆ సాయంత్రం స్నానాలగదిలో అవ్వ చెంబు పొడిగా ఉండడం అమ్మ చూసిందట. ఎవరికీ చెప్పొద్దని అవ్వ ఒట్టు వేయించుకుంది. అవ్వ పోయినాక ఎన్నో ఏళ్ళకు అమ్మ నాకు చెప్పింది. ఇరవయ్యో బిందె అవ్వదని నాకు అప్పుడు తెలిసింది. ఆ పూటంతా నేను అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు ట్యాంకరు రాని రోజు మా ఇంట్లో స్నానాలకు ఒకటే హడావిడి. మీరు పొండి, నేను కడాకు పోసుకుంటా అంటాను. మా ఆయన ఎగతాళి చేస్తాడు. చాలాసార్లు నీళ్ళు మిగులుతాయి. మిగిలిన ప్రతిసారీ, ఆ పొద్దు కూడా ఒక్క బిందె మిగిలి ఉంటే అవ్వ బిడ్డను ఎత్తుకుని ఉండేది కదా అనుకుంటాను.