నాకు గూడ గంతే

నా చిన్నప్పుడు, ఏడేళ్ల వయసులో, మా అమ్మ అబద్ధాలు చెబుతుందని కనిపెట్టాను. ఎందుకు చెబుతుందో మాత్రం అర్థం కాలేదు.

అప్పటికి ఫిల్మ్‌నగర్‌లో ఇళ్లకన్నా బండలే ఎక్కువ. నాన్న జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత ఇంట్లో కారు డ్రైవరు. పక్క వాటాలో ఉండే అక్క తెనాలి వైపు మనిషి. ఆమె భర్త లైట్‌మ్యాన్. అవుట్‌డోర్ షూటింగుకు వెళితే వారాల తరబడి వచ్చేవాడు కాదు. అక్కకు అది మొదటి కాన్పు. పుట్టింట్లో చూసుకోవడానికి తల్లి లేదు. మా అమ్మకు కూడా అప్పుడే నెలలు నిండుతున్నాయి.

మధ్యాహ్నాలు ఇద్దరూ గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ మాట్లాడుకునేవారు. ఎవరికి ముందు నొప్పులొచ్చినా రెండో మనిషి తోడు వెళ్లాలి. నన్ను మూలమీది టైలరు ఇంట్లో దింపాలి. నాన్న దొరక్కపోతే టీ కొట్టు దగ్గరి ఆటో పిలవాలి. పాత చీరలు ఉతికి రెండు సంచుల్లో సర్దారు కూడా. ఇంత అనుకున్నా అక్క భయాలు తగ్గేవి కావు.

"రాత్రుళ్లు అస్సలు నిద్ర పట్టట్లేదు వదినా."

"నాకు గూడ గంతే."

"లోపల ఒకటే తన్నులు."

"నాకు గూడ గంతే. నీది లైట్‌మ్యాన్ బిడ్డ, ప్యాకప్ చెప్పేదాక ఊకుంటదా?"

అమ్మ పక్కన పడుకునేది నేను. "నువ్వు గురక పెడ్తవ్ కదమ్మా" అన్నాను ఒకసారి. తొడమీద గిల్లింది. అక్క నవ్వి, "ఆ గురక మా గోడక్కూడా తెలుసులేవే" అంది. తెలిసి కూడా మర్నాడు మళ్లీ అమ్మ దగ్గరికే వచ్చింది. అబద్ధమని తెలిసిన మాట వినడానికి మనిషి ఎందుకు వస్తుందో నాకు అంతుపట్టలేదు.

ఒకరోజు అక్క ఆలస్యంగా వచ్చి కూర్చుంది.

"పొద్దుట్నుంచి కదల్లేదు వదినా. నిద్రపోతున్నాడేమో."

నేను అమ్మ మాట కోసం చూశాను. ఈసారి అమ్మ 'నాకు గూడ గంతే' అనలేదు. చింతపండు పళ్లెం పక్కకు నెట్టి లేచింది.

"నడువు, దవాఖానకు పోదాం."

"ఇంకా మూడు వారాలుంది కదా. రేపు ఆయనొస్తారు, అప్పుడు..."

"ఆయనొచ్చి ఏం జేస్తడు, లైటేస్తడా? లే."

సంచులు తీసుకోలేదు. నన్ను టైలరు ఇంట్లో దింపడం కూడా మరిచిపోయారు. ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. అమ్మ దారంతా అక్క చెయ్యి వదల్లేదు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి బాబును తీశారు. పది రోజులు అద్దాల పెట్టెలో ఉంచి ఇంటికి పంపారు. ఇంకాస్త ఆగి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పిందట. నెల తర్వాత చెల్లెలు పుట్టినప్పుడు ఆ బాబును ఒళ్లో పెట్టుకుని అక్క మా అమ్మ మంచం పక్కన కూర్చుంది.

చాలా ఏళ్లకు అమ్మను అడిగాను, ఆ రోజు ప్రమాదమని ఎలా తెలిసిందని.

"నాకేం తెల్సు. ఆ పొద్దు నాకు నిజంగనే భయమైంది" అంది.

భయం లేనప్పుడు ఉందని చెప్పి, ఉన్నప్పుడు చెప్పలేదన్నమాట. ఆ జవాబు నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. అమ్మ పోయి రెండు నెలలైంది. మా అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. శ్రీనగర్ కాలనీ నుంచి ఫోన్ చేసి ఒక్కో భయం చెబుతుంది. వాటిలో ఏది నవ్వి పోగొట్టవలసిందో, ఏది కాదో నాకు తేలడం లేదు. అడగడానికి అమ్మ లేదు. అందుకని అమ్మాయి ఫోన్ వస్తే కూర్చుని మాట్లాడను. ఆ రోజు అమ్మ లేచినట్టే లేచి, నిలబడి వింటాను.