చెయ్యెత్తి చూసిన బొమ్మ

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజుల్లో మా చౌటుప్పల్‌లో ఫ్లెక్సీ కట్టని కరెంటు స్తంభం ఉండేది కాదు. వాటిలో సగం నా చేతి మీదుగా వెళ్లినవే కాబట్టి, ఇరవై మూడేళ్ల వయసుకే నన్ను నేను పెద్ద కళాకారుడిగా లెక్కేసుకునేవాణ్ని. హైవే పక్కన చిన్న షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని, నాయకుడి ముఖానికి తెలుపు పెంచి, మెడ మీద ముడతలు తీసేసి, వెనకాల జనాన్ని నింపేవాణ్ని. (జనాన్ని నింపడం కష్టమేమీ కాదు. పాతిక ముఖాలు కత్తిరించి పెట్టుకుంటే చాలు, అవే అటు తిప్పీ ఇటు తిప్పీ అతికిస్తే బహిరంగ సభ అయిపోతుంది.) ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్ష రెండుసార్లు తప్పాను గానీ, అది ఆ పరీక్ష పెట్టినవాళ్ల దురదృష్టమని నా నమ్మకం.

ఆ రోజుల్లో మా బావకు టెంటు పిచ్చి పట్టుకుంది. బావంటే మా మేనమామ కొడుకు. వాళ్లది గొర్రెల మందలున్న ఇల్లు, తను మాత్రం మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. ఎవరెవరో బండి మీద ఊళ్లు తిరుగుతూ ఎక్కడపడితే అక్కడ గుడారం వేసుకుని పడుకునే వీడియోలు ఫోన్లో చూసి, మనమూ పోదామని నా వెంటపడ్డాడు. ఉత్తగా తిరగడానికి నేను రాను, నాలాంటివాడు వెళితే ఆర్ట్ గ్యాలరీలకే వెళ్లాలి అన్నాను. గ్యాలరీలంటే ఏమిటో బావ అడగలేదు, టెంటు వేస్తే చాలన్నాడు. కొనే టెంటు మా వల్ల కాదు కాబట్టి షాపులో తప్పు పడి మూలన పడేసిన ఫ్లెక్సీలు పట్టుకెళితే, మా అత్త కుట్టు మిషను మీద కుట్టిచ్చింది. అచ్చు వైపు లోపలికి పెట్టి కుట్టడంతో, లోపల పడుకుంటే నలుగురు నాయకులు మా మీదికి వంగి చేతులు జోడించి నవ్వుతూ ఉండేవారు.

మామ పాత బండి మీద బయలుదేరాం. నల్లగొండలో మ్యూజియానికి వెళితే ఆ రోజు సెలవు. ముందే కనుక్కోవాలన్న ఆలోచన కళాకారుడికీ రాలేదు, బావకూ రాలేదు. సాయంత్రానికి మహబూబ్‌నగర్ చేరి, బోర్డు మీద ‘ఆర్ట్ గ్యాలరీ’ అని చూసి ఉత్సాహంగా లోపలికి వెళ్తే అది దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే దుకాణం. దేవరకద్ర దాటాక ఒక బండరాయి మీద టెంటు వేసుకుని పడుకున్నాం. పొద్దున్నే చేనుకు పోతున్న ఒక పెద్దావిడ తెరిచి ఉన్న గుమ్మంలోంచి తొంగి చూసి, ఏ పార్టీ మీటింగని అడిగింది. మీటింగు కాదమ్మా, బొమ్మలు చూడ్డానికి పోతున్నామని చెబితే, మా ఇద్దరినీ జాలిగా చూసి వెళ్లిపోయింది.

ఇక మిగిలింది నారాయణపేట. అక్కడ రిటైరైన డ్రాయింగు సారు ఒకాయన తన ఇంటి వెనక మగ్గాల షెడ్డులో బొమ్మలు పెట్టాడని పేపర్లో జిల్లా పేజీలో చదివాను. మరికల్ దాటామో లేదో వాన మొదలైంది. మామూలు వాన కాదు, ముందున్న రోడ్డు కాదు కదా, ముందు కూర్చున్న బావ వీపు కూడా నాకు సరిగా కనబడలేదు. కళను చూసే ఆత్రం అప్పటికి నాలో బాగా తగ్గింది. బావ మాత్రం ఎట్లాగూ తడిశాం గదా అని బండి ఆపలేదు.

దారి అడుగుతూ ఆ ఇల్లు చేరేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపలి నుంచి సారు గొంతు వినబడింది. మేమెవరమో ఎందుకొచ్చామో అడిగే తీరిక ఆయనకు లేదు.

“జర లోపటికి రాండ్రి బిడ్డా, పైన రేకు లేచిపోయింది. గుడ్డంత తడుస్తది.”

పరుగెత్తాం. షెడ్డు పైన ఒక రేకు లేచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కింద సారు, ఆయన భార్య కలిసి ఒక బల్లను జరపలేక జరుపుతున్నారు. గోడ పొడవునా చిన్న చిన్న మేకులతో బిగించిన నేతగుడ్డ ఒకటుంది. దాని మీది రంగులన్నీ ఆకులవీ మట్టివీ, నీళ్లు తగిలితే నిలవవు. అప్పటికప్పుడు విప్పే వీల్లేదు.  పదకొండేళ్ల పని అని ఆమె చెప్పింది, అదీ గొంతు పెంచకుండా.

బావ ఒక్క ఉదుటున బండి దగ్గరికి పోయి టెంటు తెచ్చాడు. కుట్లు చింపేసి, మగ్గం చట్రం మీదికెక్కి, మూడు మూలలు దూలాలకు కట్టాడు. నాలుగో మూల కట్టడానికి అక్కడ ఏ ఆధారమూ లేదు. అది నా చేతికొచ్చింది. చెయ్యెత్తి పట్టుకుని నిలబడితే నీళ్లు గుడ్డకు దూరంగా అవతలికి జారుతున్నాయి, కాస్త దించితే గుడ్డ మీదికే వస్తున్నాయి. పై నుంచి నలుగురు నాయకులు మా అందరికీ నమస్కారం పెడుతున్నారు. సారు వాళ్లను చూసి, అంత కంగారులోనూ మెల్లగా నవ్వాడు.

“ఇంతమంది లీడర్లు మా ఇంటికి ఎన్నడు రాలె.”

వాన రెండు గంటలు తగ్గలేదు. నేను రెండు గంటలూ చెయ్యి దించలేదు. (చేతులు మార్చుకున్నాను, అది ఒప్పుకోవాలి.) మొహం గోడ వైపుంది. ఇక చూడక తప్పలేదు.

మొదట నాకు కనబడింది గొర్రెల మంద, అంతే. ఎండాకాలం కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయే మంద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. నా అలవాటు కొద్దీ, ఏ గొర్రెను ఎక్కడ మళ్లీ అతికించాడో పట్టుకుందామని వెతికాను. దొరకలేదు. మళ్లీ మొదటి నుంచి వెతికాను. ఒక దాని చెవి చినిగింది. ఒకటి అలిగింది. ఒకటి ముసలిది, దానికి దారి తెలుసు. వందల గొర్రెల్లో ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు. నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది. ఆ నోట్లో సారు భార్య జొన్నరొట్టె ముక్క పెట్టింది, ఆకలితో తెరిచాననుకుని. ఆ గుడ్డ నేసింది ఆమేనట. ఆమె నేసి ఇచ్చినంత మేరా ఆయన బొమ్మ వేసేవాడట.

బావ చట్రం మీద నుంచి దిగి అప్పటిదాకా ఆ మందనే చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఒక గొర్రె దగ్గర ఆగాడు.

“ఇది మందతోని పోతలేదు సార్. దీని పిల్ల తప్పిపోయింది, ఎనకకు చూస్తాంది.”

 బావ గుడ్డ వెంబడి నెమ్మదిగా నడుచుకుంటూ పోయి, ఆ చివర, ఒక ముసలాయన గొంగడిలోంచి బయటికి కనబడుతున్న చిన్న తల మీద వేలు పెట్టబోయి, మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు.

“గిదే.”

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంతమంది వచ్చి చూసిపోయారు గానీ, ఆ పిల్లను కనిపెట్టినవాళ్లు లేరన్నాడు. బొమ్మల గురించి ఎక్కడ చదివావని బావను అడిగాడు. చదవలేదు సార్, కాసిన అన్నాడు బావ. గొర్రెలను కాశానని చెప్పడంలో బావకు అంత గర్వం ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. గ్యాలరీలు చూపిస్తానని తీసుకెళ్లిన కళాకారుణ్ని నేను, మూల పట్టుకుని నిలబడ్డాను.

వాన వెలిశాక రేకు సరిచేసి, టెంటు అక్కడే వదిలేసి బయలుదేరాం. దారిలో బావ వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

“నువ్వు గూడ గట్ల గీస్తవా?”

 దేవరకద్ర వచ్చాక, రాదు బావా అన్నాను.  బావ సరేనన్నట్టు తలూపి టీ కొట్టు దగ్గర బండి ఆపాడు.

రెండు రోజులు చెయ్యి లేవలేదు. అమ్మ నూనె రాస్తూ, ఏం మోసినవ్ బిడ్డా అంది. గొర్రెల మందనని చెబితే నుదురు తాకి జ్వరమేమో చూసింది. ఇప్పుడా షాపు నాదే. ఆదివారాలు మామ గొర్రెల దొడ్డి దగ్గర కాగితం పట్టుకుని కూర్చుంటాను. ఏళ్ల తరబడి గీస్తే పోయిన నెలలో ఒక గొర్రె కుదిరిందనిపించి బావకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఇది మా మందలది గాదు, ఎవరిదో తప్పిపోయి వచ్చిందన్నాడు. నేను నొచ్చుకోలేదు. తప్పిపోయినదానిలా ఉందంటే, దానికంటూ ఒక ముఖం వచ్చినట్టే గదా.