దాత ఇంటివైపు తిరిగిన మైకు

మా సందు మొదట్లో చర్చి, మధ్యలో రామాలయం, చివర మసీదు. మూడింటికీ మైకు కట్టేవాడు మాత్రం ఒక్కడే, జయరావు. నవమి పందిట్లో పానకం అయిపోవచ్చిందని హెచ్చరించేదీ, మిలాద్ సభలో మౌల్వీగారి గొంతును నాలుగు వీధులకు మోసేదీ, డిసెంబరు నెలంతా క్రిస్మస్ పాటలు పాడేదీ అతని మిషనే. దేవుళ్ళకు వేరు వేరు ఇళ్ళున్నాయి గాని మా దగ్గర గొంతు మాత్రం ఒకటే. అది కొంచెం బొంగురు గొంతు.

జయరావుది ప్రత్తిపాడు పక్కన పల్లె. తండ్రి పత్తి చేలకు మందు కొట్టేవాడు, తల్లి మిరపకాయలకు తొడిమలు తీసేది. ఇతనికి ఆ రెండూ చేతకాలేదు. మిరపఘాటుకు తుమ్ములు, మందువాసనకు వాంతులు. గుంటూరొచ్చి మైకు షాపులో చేరాడు. ఓనరు వ్యాపారం ఎత్తేస్తూ, ఎవరూ కొనని పాత యాంప్లిఫయరునూ పాట బయటికొచ్చే రెండు మైకు గొట్టాలనూ ఇతని జీతం కింద అంటగట్టాడు. ఆ గొట్టాలనే ముప్పై ఏళ్ళుగా ఊరేగిస్తున్నాడు. భార్య ఎలీసమ్మ బ్రాడీపేటలో ఒక క్లినిక్‌లో ఆయా. ఆమె జీతంతో ఇల్లు గడుస్తుంది, ఇతని సంపాదనతో మిషను రిపేరు గడుస్తుంది. ఎవరేమన్నా "అట్టాగేనండి" అనడం తప్ప మరో మాట రాని మనిషి. అలాంటి మనిషిని చూస్తే నాకు జాలి రాదు, ఒళ్ళు మండుతుంది.

ఇతని పనిలో ఒక పద్ధతి ఉంది. అది మా ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు, కొత్తవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. రెండు గొట్టాల్లో ఒకటి వీధివైపు, ఒకటి ఆ పండగకు పెద్ద చందా ఇచ్చిన దాత ఇంటివైపు. నిచ్చెనెక్కే ముందు జయరావు కమిటీవాళ్ళను "ఈసారి ఎవరిదండీ" అని అడుగుతాడు. వాళ్ళు పేరు చెబుతారు. గొట్టం అటు తిరుగుతుంది. పోయినేడు నవమికి గొట్టం తన మేడవైపు కాకుండా పక్క మేడవైపు తిరిగిందని ఒక మిర్చి కమీషన్ వ్యాపారి పందిట్లో తీర్థం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. చెవులు చిల్లులు పడే చోటును గౌరవమనుకునే జనం మా జనం. నేనూ ఆ జనంలోదాన్నే, కాకపోతే అంత చందా ఎప్పుడూ ఇవ్వలేదు.

ఈ సంగతులేవీ తెలియకుండా సుధీంద్ర మా మేడమీద వాటాలో అద్దెకు దిగాడు. బెంగుళూరు నుంచి వచ్చాడు. మిరపకాయలు పైదేశాలకు పంపే కంపెనీలో కాయ రంగు, ఘాటు పరీక్ష చేసే ఉద్యోగం. వచ్చిన రోజునే నన్ను ఆంటీ అన్నాడు. అరవై ఆరేళ్ళ ఖాదర్‌బీని ఆంటీ అన్న మొదటి మనిషి అతనే. వచ్చిన వారానికే ఊరి మీద అభిప్రాయాలు ఏర్పరుచుకున్నాడు. మేడమెట్ల మీద కూర్చుని ఫోనులో స్నేహితులకు చెబుతుంటే కింద పప్పు ఏరుకుంటూ నేను వినేదాన్ని. వినడానికే పప్పు ఏరేదాన్ని.

ఇక్కడ ఆటో వెనకాల బైబిలు వాక్యమో దర్గా బొమ్మో లేకపోతే లైసెన్స్ ఇవ్వరేమోనట. టైలరు షాపు పేరు కృప, కోళ్ళ షాపు పేరు బిస్మిల్లా, మిర్చి యార్డులో టిక్కీ బస్తా విప్పాలంటే ముందు కర్పూరం వెలిగించాలట. అందరూ తనను చూసి "వందనాలండి" అంటున్నారు, ఈ ఊరివాళ్ళకు మర్యాద ఎక్కువట. అది చర్చివాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే పలకరింపనీ, పక్కన నడిచే ఎలీసమ్మకు చెబుతుంటే మధ్యలో ఇతను చేతులు జోడిస్తున్నాడనీ నెల దాకా తెలుసుకోలేదు. ఒక సాయంత్రం మసీదు గుమ్మం దగ్గర ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకుని నీళ్ళ గ్లాసులతో నిలబడటం చూశాడు. నమాజు చేసి వచ్చేవాళ్ళు పిల్లల మీద, నీళ్ళ మీద ఊదితే దిష్టి పోతుందని అన్ని కులాలవాళ్ళూ వచ్చి నుంచుంటారు. వాళ్ళు అడుక్కుంటున్నారని ఇతననుకున్నాడు. మెడలో నాలుగు పేటల గొలుసున్న వకీలుగారి కోడలి గ్లాసులో పది రూపాయల బిళ్ళ వేసి వచ్చాడు. ఆమె ఆ బిళ్ళను నాకు తెచ్చి ఇచ్చి, మీ అద్దెవాడిదేనా అంది. నేను కాదన్నాను.

డిసెంబరు వచ్చింది. చర్చిలో రోజూ సాయంత్రం ప్రార్థన, పాటలు. సరిగ్గా అదే వేళకు సుధీంద్ర విదేశీ బేరగాళ్ళతో ఫోనులో మాట్లాడాలి. ఇక్కడి దేవుళ్ళందరూ చెవిటివాళ్ళా ఆంటీ అని నన్నడిగాడు. కొత్తగా వచ్చినవాళ్ళందరూ అడిగేదే. తనొక్కడికే తట్టినట్టు అడిగాడు. తరవాత తెలివైన పని ఒకటి చేశాననుకున్నాడు. చర్చి కోశాధికారి సాల్మన్‌గారిని కలిసి చర్చిలో అందరికీ పెట్టే ప్రేమవిందుకు ఒక బస్తా సన్నబియ్యం ఇచ్చాడు. ముందు మంచి చేసుకుని, నాలుగు రోజులయ్యాక మైకు కాస్త తగ్గించమని అడుగుదామని అతని లెక్క. సాల్మన్‌కు ఆ లెక్క ఎలా తెలుస్తుంది. బస్తా చూశాడు, ఆనందపడ్డాడు, సాయంత్రం జయరావు నిచ్చెనెక్కుతూ "ఈసారి ఎవరిదండీ" అంటే ఖాదర్‌బీ మేడమీద కొత్త సారుదని చెప్పాడు.

జయరావు గొట్టాన్ని తిప్పి, బైండింగ్ వైరుతో గట్టిగా కట్టి దిగాడు. కొత్త సారుకు మొదటి గౌరవం కదా అని సౌండు కూడా ఒక పిసరు పెంచాడట.

ఆ పాట మేడమీద బాల్కనీలోంచి లోపలికి వెళ్ళి వంటింట్లో గిన్నెల్ని కదిలించింది. సుధీంద్ర బయటికొచ్చి చూశాడు. నిన్నటిదాకా వీధివైపున్న గొట్టం ఇవాళ తన మొహంలోకి చూస్తోంది. నా బియ్యం తిని నా మీదే పగ తీర్చుకుంటున్నారని అతనికి తోచింది. బయటివాణ్ణి తరమడానికి చేస్తున్నారని కూడా తోచింది. చదువుకున్నవాడికి ఒక అనుమానం వస్తే దానికి వెంటనే నాలుగు కారణాలు దొరుకుతాయి. తెల్లారి స్టేషనులో కాగితం ఇచ్చాడు.

పోలీసులొచ్చి మిషనునూ రెండు గొట్టాలనూ జీపులో వేసుకుపోయారు. క్రిస్మస్ ఇంకా పదకొండు రోజులుంది. ఏడాదిలో జయరావుకు నిండుగా పనుండేది ఆ పదకొండు రోజులే. ఒక్క సీజను చెయ్యి జారితే కమిటీలు వేరేవాణ్ణి చూసుకుంటాయి, మళ్ళీ ఇటు తిరగవు. అరవైరెండేళ్ళవాడికి ఇంకో పని రాదు. ఎలీసమ్మ క్లినిక్‌కు సెలవు పెట్టి మా అరుగు మీద కూర్చుంది. ఏడవలేదు, కొంగు చివర పీకుతూ కూర్చుంది.

నేను మేడెక్కాను. సంగతి చెబుదామని నోరు తెరిచేలోగా అతను తలుపు సగం తీసి, "ఇది లీగల్ మేటర్ ఆంటీ, మీరు ఇన్వాల్వ్ కావద్దు" అని మూసేశాడు. నా ఇంటి తలుపు నా మొహం మీదే వేశాడు. సరే, వీడితో పనేముంది, పెద్దలున్నారు కదా అనుకున్నాను. స్టేషనులో ఎస్సైగారు కూడా పెద్ద మాటేమీ అనలేదు. ఏదో ఒక కమిటీ తరఫున ఎవరైనా వచ్చి, సౌండు తగ్గించుకుంటామని కాగితం మీద సంతకం చేస్తే మిషను ఇచ్చేస్తానన్నాడు. ఒక్క సంతకం.

జయరావును వెంటబెట్టుకుని తిరిగాను. చూద్దామన్న కుతూహలం కూడా ఉంది, దాచను. సాల్మన్‌గారు మమ్మల్ని కూర్చోబెట్టి జయరావు కోసం కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు. కళ్ళు తెరిచాక, స్టేషనులో చర్చి పేరు రాయడం బాగుండదు, మైకు మాది కాదు కదా అన్నాడు. రామాలయం కమిటీ చెంచయ్య, ఇది క్రిస్మస్ గొడవ, మేమొస్తే వేరే అర్థం వస్తుందన్నాడు. మసీదు కమిటీలో మొహిద్దీన్ బాషా నాకు వరసకు మేనల్లుడు. తప్పకుండా వస్తాను అత్తా, శుక్రవారం పోనీ అన్నాడు. శనివారం ఫోను ఎత్తలేదు. ఈ ఊళ్ళో భక్తి ఆటో వెనకాల ఉంది, కోళ్ళ షాపు బోర్డు మీద ఉంది, మనిషి సంతకం చేయాల్సిన చోట మాత్రం లేదు. సుధీంద్ర ఫోనులో చెప్పాల్సిన అభిప్రాయం అది. అతనికి కనిపించలేదు.

 పోనీలే అక్కా, వాళ్ళ ఇబ్బందులు వాళ్ళవి అన్నాడు జయరావు, తిరిగొస్తూ. నాకు అతని చెంప పగలగొట్టాలనిపించింది.

చర్చికి పాట ఆగకూడదు కదా. రెండో రోజుకే సాల్మన్ తెనాలి నుంచి డీజే పెట్టెలు దింపించాడు. మనిషెత్తువి, ఆరు. వాటికి దిక్కు లేదు, దాత లేడు, నాలుగువైపులా ఒకటే దెబ్బ. మా మేడమీద కిటికీ అద్దాలు దడదడలాడాయి. నా గుండె కూడా పాటకు తగ్గట్టు కొట్టుకుంది. కాగితం ఇచ్చినవాడు మళ్ళీ స్టేషనుకు వెళితే, ఈ పెట్టెలకు పర్మిషనుంది అన్నారట.

మూడో సాయంత్రం సుధీంద్ర దిగి వచ్చి నా వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. ఉల్లిపాయ తరుగుతూ తలెత్తకుండానే చెప్పాను.

"నువ్వు బియ్యం ఇచ్చావు. ఇచ్చినవాళ్ళ ఇంటివైపు గొట్టం తిప్పుతారు. అది నీకు చేసిన మర్యాద నాయనా, పగ కాదు."

"మర్యాదా? ఆ సౌండా?"

"దాని కోసం పెద్ద పెద్దవాళ్ళు మాటలు మానేసుకుంటారు. నీకు ఒక బస్తాకే దక్కింది."

"నాకు ఎవరూ చెప్పలేదు ఆంటీ."

"చెప్పడానికి వస్తే తలుపేశావు. ఊరి మీద ఫోనులో అంతసేపు మాట్లాడతావే, ఊళ్ళోవాళ్ళతో ఒక్కసారన్నా మాట్లాడావా? నిచ్చెన మీదున్న మనిషిని కిందనుంచి పిలిచి, బాబూ అటు తిప్పు అంటే తిప్పేవాడు. వాడికి వచ్చిందే అట్టాగేనండి అనే ఒక్క మాట."

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే మిషను ఇచ్చేస్తారా అని అడిగాడు. పశ్చాత్తాపమని నేననుకోను. చర్చివైపునుంచి డీజే మోగుతూనే ఉంది, చెవి మనిషిలో తెచ్చిన మార్పు అది. ఏదైతేనేం, మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. మిషనును స్కూటరు ముందర పెట్టుకుని, గొట్టాలు వెనక కట్టుకుని, సందులోకి వచ్చాడు. మూడు కమిటీలు చేయలేని పని చేశాడు కాబట్టి ఆ పూట నేనే టీ ఇచ్చాను. జయరావు మిషను మూత విప్పి, లోపల ఊది, తీగలు సర్ది, "బాగానే ఉంచారండి" అన్నాడు. కాగితం ఇచ్చినవాడికే.

ఇరవైమూడో తారీకు మధ్యాహ్నం సాల్మన్ జయరావు ఇంటికి వచ్చాడు, అప్పటికి నేనూ అక్కడే ఉన్నాను. ఇస్త్రీ తెల్లచొక్కా, తెల్లప్యాంటు. డీజే వాడు ఎక్కువ బేరమున్న ఊరు దొరికి పెట్టెలు ఎత్తుకుపోయాడట. ఇరవైనాలుగూ ఇరవైఅయిదూ జయరావే చూసుకోవాలట. ఏమీ జరగనట్టు నవ్వాడు. నాకాగలేదు.

"స్టేషనుకు రమ్మంటే మైకు నీది కాదన్నావు. ఇవాళ ఎవరిది?"

"దేవుడి పని కదా అక్కా. మనసులో పెట్టుకోకూడదు."

"దేవుడి పనయితే సంతకం పెట్టడానికి నీకు చెయ్యెందుకు రాలేదు?"

సాల్మన్ ఆకాశం చూశాడు. నేను జయరావు వైపు తిరిగి, వెళ్ళావంటే నా గుమ్మం తొక్కకు అన్నాను. ఎలీసమ్మ కూడా వద్దనే అంది, కళ్ళతో. జయరావు అప్పటికే మిషనును సైకిలు క్యారియరు మీద కడుతున్నాడు.

"ఇంట్లో పెట్టుకుంటే ఎలకలు తీగలు కొరుకుతాయి అక్కా," అన్నాడు. "నాకు వచ్చిన పని ఇదొక్కటే."

 

తాడు ముడి వేశాక జయరావు కింద ఉన్న రెండు గొట్టాలనూ చూశాడు, తరవాత సాల్మన్‌గారి తెల్లచొక్కాను చూశాడు. ముప్పై ఏళ్ళలో ఎవరికీ పని చెప్పని మనిషి.

"సైకిలు మీద చోటు లేదండి. ఇవి రెండూ మీరు పట్టుకోండి."

సాల్మన్ అటూ ఇటూ చూశాడు. ఎవరూ సాయం రాలేదు. తుప్పు పట్టిన గొట్టాలు రెండూ చెరో భుజానికీ ఎత్తుకున్నాడు. జయరావు సైకిలు నడిపించుకుంటూ ముందు, ఆయన వెనక. దగ్గరి దారి ఉండగా మసీదు చుట్టూ తిరిగి, రామాలయం ముందునుంచి తీసుకెళ్ళాడు జయరావు. అరుగు మీద చెంచయ్య పేపరు దించి చూశాడు, మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చర్చి గేటు చేరేసరికి తెల్లచొక్కా రెండు భుజాలూ ఎర్రగా అయ్యాయి.