చక్రం దగ్గర నిలబడ్డ మనిషి

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకు. మా నాయన కొండ మీద గుడి కొలువులో పనిచేశాడు. మా ఇంట్లో దేవుడికి చోటుంది గానీ దయ్యాలకు లేదు. నేను చేసిన ఉద్యోగం కూడా కళ్లతో చూసిందే చెప్పాలి, చూడనిది చెప్పకూడదు అనే రకం. అందుకని దీనికి పేరేమీ పెట్టను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

రేణిగుంట విమానాశ్రయంలో ఒక చిన్న విమాన సంస్థకు నేను గ్రౌండ్ స్టాఫ్‌గా పనిచేశాను. ఆ సంస్థ ఇప్పుడు లేదు, పేరెందుకు. రెక్కలకు పంకాలు తిరిగే చిన్న విమానాలు మావి. పెద్ద సంస్థలు పట్టించుకోని ఊళ్ల నుంచి జనాన్ని తెచ్చి హైదరాబాదులో పెద్ద విమానాలకు అందించడం మా పని. మొదట్లో హైదరాబాదు ఒక్కటే ఉండేది. తర్వాత విజయవాడ, కడప, విశాఖ వచ్చాయి. సీట్లు నిండకపోతే ఆ రూటు తీసేసి ఇంకోటి మొదలుపెట్టేవారు.

పొద్దున వచ్చిన విమానమే మధ్యాహ్నం ఇంకో ఊరికి, సాయంత్రం మరో ఊరికి పోవాలి. పొద్దున కాస్త ఆలస్యమైతే ఆ రోజంతా తలకిందులయ్యేది. విమానం వాలినప్పటి నుంచి మళ్లీ లేచేదాకా మాకు ఊపిరాడదు.

మా ప్రయాణికుల్లో సగం మంది దర్శనం చేసుకుని వచ్చేవాళ్లే. ఆధార్ కార్డులో నిండా జుట్టు, ఎదురుగా గుండు. కనుబొమలూ చెవులూ చూసి పోల్చుకోవడం నాకు అలవాటైంది. మనిషిని గుర్తుపట్టడంలో నేను పొరపాటు పడతానని ఎవరూ అనేవారు కాదు.

ఆ రోజు మధ్యాహ్నం హైదరాబాదు నుంచి వచ్చిన విమానం విశాఖకు పోవాలి. ఎండ మండిపోతోంది. వెనక తలుపు దగ్గర మెట్ల కింద నేను నిలబడి ఉన్నాను. పక్కన మస్తాన్ ఉన్నాడు. సామాన్లు ఎక్కించే లోడర్, రేణిగుంటవాడు, నాకంటే బాగా పెద్ద. నేను మస్తానన్నా అనేదాన్ని, అతను వకుళమ్మా అనేవాడు. పని ముగించుకుని వచ్చి సీసాలో నీళ్లు తాగుతున్నాడు.

విమానం కడుపు కింద, చక్రం దగ్గర ఒక మనిషి కనపడ్డాడు. తెల్ల చొక్కా, భుజాల మీద పైలట్ల పట్టీలు. ప్రతి ప్రయాణానికి ముందు పైలట్లలో ఒకరు దిగి విమానం చుట్టూ తిరిగి చూసుకోవడం మామూలే. అదే అనుకున్నాను. అతను వంగి టైరు చూశాడు. తర్వాత లేచి నా వైపు తిరిగి అలాగే నిలబడ్డాడు. ఎండలో ముఖం సరిగ్గా తెలియలేదు గానీ, నన్నే చూస్తున్నాడని మాత్రం తెలిసింది. కాసేపటికి విమానం ముక్కు వైపుగా నడిచి అవతలికి పోయాడు.

మస్తాన్ చేతిలో సీసా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అతను కూడా చక్రం వైపే చూస్తున్నాడు. ఇది నాకు బాగా గుర్తు.

అంతలో విమానం లోపలి నుంచి కో-పైలట్ మెట్లు దిగి వచ్చాడు, చుట్టూ తిరిగి చూడటానికి. ఇందాక చూసి వెళ్లింది మీరు కాదా అని అడిగాను. నవ్వాడు. తాను దిగడం ఇదే మొదటిసారి, కెప్టెన్ సీట్లోంచి లేవలేదు అన్నాడు. మా విమానంలో పైలట్లు ఇద్దరే.

ఎవడో పరాయివాడు పైలట్ వేషంలో విమానం దాకా వచ్చాడనుకున్నాను. సెక్యూరిటీ దగ్గరికి పరిగెత్తాను.

తర్వాత జరగాల్సిందంతా జరిగింది. నడిచి వస్తున్న ప్రయాణికులను వెనక్కి పంపారు. ఎక్కించిన పెట్టెలన్నీ దించి నేల మీద వరుసగా పెట్టించి, ఎవరి పెట్టె వాళ్ల చేత గుర్తుపట్టించారు. కుక్కను తెచ్చారు. విమానం లోపలా బయటా వెతికారు. ఇంజినీరు ఆ టైరును పట్టి పట్టి చూశాడు. ఏ లోపమూ లేదు. ఏ మనిషీ దొరకలేదు.

విమానం పొద్దుగూకే వేళకు లేచింది. అప్పటికి నేను ఆఫీసు గదిలో కూర్చుని జవాబులు చెబుతున్నాను.

కెమెరాలో చక్రం కనపడలేదు, సామాన్ల బండి అడ్డంగా ఉంది. మెట్ల దగ్గర నేనూ మస్తానూ నిలబడటం మాత్రం కనపడింది. నేను సెక్యూరిటీ వైపు పరిగెత్తేదాకా చూపించి ఆపేశారు.

మస్తాన్‌ను పిలిచి అడిగారు. తల దించుకుని చెప్పాడు.

"నేనేం సూడలేదు సార్. ఎండకు కండ్లు మూసుకోని నీళ్లు తాగతా ఉండాను."

అతను అబద్ధం చెబుతున్నాడని నాకు తెలుసు. ఆ క్షణం నుంచి నా అనుమానం అతని మీదికి మళ్లింది. లోపలికి వచ్చిన మనిషి ఇతనికి తెలిసినవాడే అయి ఉంటాడు, ఇతనే దారి చూపి ఉంటాడు. లేకపోతే చూసింది దాచడం ఎందుకు?

అనుమానం నా మీద కూడా పడింది. విమానం ఆపించడానికే ఈ కథ అల్లానా, ఎక్కాల్సిన వాళ్లలో నాకు పడనివాళ్లు ఉన్నారా అని తిప్పి తిప్పి అడిగారు. రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని మా మేనేజర్ మెత్తగా అడిగాడు. ఆ మెత్తదనమే ఎక్కువ బాధపెట్టింది. లోపలికి వెళ్లే పాసు తీసేసుకున్నారు. విచారణలో ఏమీ తేలక కొన్ని వారాలకు తిరిగి ఇచ్చారు. కానీ నేను వస్తే మాటలు ఆగిపోయేవి. మస్తాన్‌తో నేను మాట్లాడటం మానేశాను. అతను ఎవరితో టీ తాగుతున్నాడో, ఎవరికి ఫోన్ చేస్తున్నాడో చూస్తూ ఉండేదాన్ని. ఏమీ దొరకలేదు.

ఆ తర్వాత సంస్థ ఒక్కో రూటూ మూసుకుంటూ వచ్చింది. అద్దెకు తెచ్చిన విమానాలు వెనక్కి పోయాయి. మేము తలా ఒక దిక్కు అయ్యాం.

పోయిన ఏడాది రేణిగుంట జంక్షన్‌లో మస్తాన్ కనపడ్డాడు. గూడూరులో కూతురింటికి పోతున్నాడు. గడ్డం నెరిసింది. నన్ను చూసి తనే వచ్చి బెంచీ మీద పక్కన కూర్చున్నాడు. పిల్లల సంగతులయ్యాక, ఉండబట్టలేక అడిగేశాను. ఆ రోజు ఎందుకు అబద్ధం చెప్పినావన్నా అని.

అతను సంచీ ఒళ్లోకి లాక్కున్నాడు.

"నీకోసమే చెప్పినానమ్మా. నేను సూసింది చెప్పుంటే నీ పని పోయేది."

"నువ్వు చూసింది ఎవరిని?"

"నిన్నే."

నాకు అర్థం కాలేదు. అతనే మళ్లీ చెప్పాడు.

"సక్రం కాడ నువ్వు వొంగి సూస్తా ఉండావు. ఇదేందబ్బా, ఇప్పుడే కదా ఈడ ఉండింది అని పక్కకు తిరిగితే, ఈడా నువ్వే ఉండావు."

"అక్కడున్నది మగమనిషి అన్నా. పైలట్ బట్టల్లో."

"మొగోడు ఎవురూ లేడమ్మా."

ఆ మనిషి ముక్కు వైపుగా అవతలికి పోవడం నేను చూశాను కదా అన్నాను. మస్తాన్ తల అడ్డంగా ఊపాడు.

"యాడికీ పోలేదు. నువ్వు సెక్యూరిటీ కాడికి పరిగెత్తినావు సూడు, అప్పుడు సక్రం కాడ ఉన్నది వచ్చి మెట్లెక్కి లోపలికి పోయింది. నేను పక్కకు జరిగి దోవ ఇచ్చినా."

"విమానమంతా వెతికినారు కదన్నా. ఎవరూ లేరన్నారు."

"వాళ్లు వెతికింది కొత్తోళ్ల కోసరం. నువ్వు కనపడితే నిన్నెవురు ఆపతారమ్మా? యూనిఫాం ఉండాది, పాసు ఉండాది."

గూడూరు బండి వచ్చింది. సంచీ ఎత్తుకుని ఎక్కేశాడు. నేను పోవాల్సిన బండి కూడా ఆ తర్వాత వచ్చి వెళ్లిపోయింది, నేను లేవలేదు.

తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి మస్తాన్ ఇదంతా కల్పించాడేమో. ఇప్పటికీ సగం నాళ్లు అలాగే అనుకుంటాను. కానీ ఇన్నేళ్ల తర్వాత, అడిగేవాళ్లు ఎవరూ లేనప్పుడు, అంత వింత అబద్ధం దేనికి? కెమెరాలో నేను పరిగెత్తిన తర్వాతి భాగం ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు. చూసినా, మెట్లెక్కుతున్నది నేనే అయితే వాళ్లకు అందులో వింత ఏముంటుంది?

ఆ రోజు విమానంలో పనిచేసిన ఎయిర్ హోస్టెస్ నంబరు నా ఫోన్లో ఇంకా ఉంది. పండగలకు శుభాకాంక్షలు పంపుకుంటాం. ఆ విమానం విశాఖలో క్షేమంగా దిగిందని ఆమె అప్పట్లోనే చెప్పింది.

అందులోంచి ఎవరెవరు దిగారని మాత్రం నేను ఇంతవరకూ అడగలేదు.