వాగు కాడ పచ్చగాజులు

కామారెడ్డి స్టేషన్లో దసరా సెలవులకని రైలు దిగి, మా బండి తోలే తాత ముఖం చూడగానే ఏదో అయిందని తెలిసింది. ఎప్పుడూ నా పెట్టె అందుకుంటూ “పట్నం నీళ్లు తాగి తెల్లగైనవ్ బిడ్డా” అని నవ్వే మనిషి, ఆ రోజు తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు.

“ఎల్లారెడ్డి అత్తమ్మ పోయింది బిడ్డా. నిన్న పొద్దుమీకి. పొయ్యి రాజేసుకుంట అట్లనే ఒరిగిందట.”

నాకు ఏడుపు రాలేదు. “పొయ్యి ఆర్పారా?” అని అడిగాను. ఎందుకడిగానో ఇప్పటికీ తెలియదు. తాత నన్ను వింతగా చూసి, “ఆర్పిండ్రో లేదో నేనడగలే” అని, పెట్టె నెత్తికెత్తుకొని బస్సు వైపు నడిచాడు. బాపు, అమ్మ పొద్దుటి బస్సుకే వెళ్ళిపోయారట.

ఆమె మా బాపుకు అక్క, నాకు మేనత్త. నేను పుట్టకముందే భర్త పోయాడు. ఎల్లారెడ్డిలో తాసీలు కచేరి వెనక అత్తవారిచ్చిన రెండు గదుల ఇంట్లో, ఉన్న కొద్దిపాటి మడి చూసుకుంటూ ఒక్కతే బతికింది. ఒక్కతే అన్నాను గానీ ఆ ఇంట్లో మాటకు కరువు లేదు. వడ్లు దంచుతూ మాట్లాడేది, దువ్వెనతో నా తల చిక్కు తీస్తూ మాట్లాడేది, ఎవరూ లేకపోతే గేదెతో మాట్లాడేది. నేనూ తక్కువదాన్ని కాదు. నా వాగుడు హద్దు దాటితే మాత్రం ఆమె అరచేయి తెచ్చి నా నోటి మీద మెత్తగా పెట్టేది. “జర ఆగు. నా వంతు రానియ్యి” అనేది. గరుకైన చెయ్యి. చిటికెనవేలు కింద ఒక కాయ. కొడవలి పట్టీ పట్టీ వచ్చింది.

నేను హైదరాబాదు కాలేజీలో చేరతానన్నప్పుడు బాపు ఒప్పుకోలేదు. అత్త ఎడ్లబండి కట్టించుకొని కామారెడ్డికి వచ్చి గడపలోనే కొట్లాట పెట్టుకుంది. “దొంగలు ఎత్తుకపోయిన్నాడు ఏడిస్తివి, సరే. సదువుకు పోతనంటె గూడ ఏడుస్తవేంది తమ్మి? ఈ పోకకు సెలవులుంటయి!” బాపు నవ్వలేక, నవ్వాపుకోలేక లోపలికి పోయాడు. అట్లా నేను చదువుకున్నాను.

దొంగలు ఎత్తుకుపోయిన పిల్లను నేనే. ఈ సంగతి మీలో కామారెడ్డి వాళ్ళెవరైనా ఉంటే విన్నదే. నిజాంసాగరు కట్ట పూర్తయిన కొత్తలో, బడి నుంచి వస్తున్న నన్ను ఇద్దరు మనుషులు గొంగడిలో చుట్టి ఎత్తుకుపోయారు. మా అమ్మ నగలన్నీ ఇస్తే తప్ప వదలమని కబురు వచ్చింది. అమ్మ అప్పుడు మా తమ్ముణ్ణి కని మంచం మీద ఉంది. నగలు పోయాయి, నేను వచ్చాను. ఇంతవరకు అందరిదీ ఒకే మాట. వాగు కాడ ఆ నగలు ఎవరు, ఎవరికి, ఎట్లా ఇచ్చారనేదే ఎవరికీ కుదరలేదు.

తానొక్కడే వెళ్ళి నగలిచ్చి పిల్లను తెచ్చానని, ఊరికి పటేలైన బాపు పోలీసు అమీన్ సాబుకు చెప్పాడు. ఆడమనిషి ఎవరూ లేరన్నాడు. బండి తాత మాట వేరు. “అబద్ధం ఎందుకాడాలె సాబ్? పచ్చగాజులేసుకొని, ముఖం కానరాకుంట కొంగు కప్పుకున్న ఒకామె పిల్లను తెచ్చి పటేలు చేతికిచ్చింది. వాగు దిక్కు మల్లిపోయింది. పటేలు ఆమె ఎన్క పోయిండు. వచ్చేటప్పటికి కండ్లు ఎర్రగున్నయి.” మూడో మాట నాది. నా కళ్ళకు గంతలు కట్టారు. నన్ను ఎత్తుకొని నడిచిన మనిషి చేతి గాజులు నా చెవి దగ్గర గలగలమన్నాయి. పసుపు వాసన వచ్చింది. నేను అరవబోతే ఒక చెయ్యి నోటికి అడ్డం వచ్చింది. దారి పొడుగునా ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. మూగది అనుకున్నాను, అదే చెప్పాను.

ఆమె దొంగల మనిషేనని అమీన్ సాబు తేల్చాడు. పటేలు చాటుగా ఉంచుకున్న మనిషేనని ఊరు తేల్చింది. ఆ ముందురోజే పటేలు అంగట్లో పచ్చగాజులు కొన్నాడని గాజులామె మా అమ్మకు చెప్పింది. అమ్మకు కొనలేదు. బాలింత చేతులు ఎట్లా ఉన్నవో అట్లానే ఉన్నాయి. మరి ఎవరికి కొన్నాడు? అమ్మ ఆ ప్రశ్న ఒక్కసారే అడిగింది. బాపు తలవంచుకున్నాడు. ఆనాటి నుంచి మా ఇంట్లో వాళ్ళిద్దరి మధ్య అవసరానికి మించి మాట లేదు. అన్నం పెడుతూ “పిల్లా, మీ బాపుకు చారు కావాల్నేమో అడుగు” అనేది అమ్మ, ఆయన ఎదురుగానే కూర్చున్నా.

అత్తను ఎన్నిసార్లు అడిగానో! “నాకు ఆనాడు చలిజ్వరం బిడ్డా. ముసుగుతన్ని పన్న” అనేది. వదలకపోతే, “నలుగురు నాలుగు తీర్ల చెప్పినా నడిచిన కాళ్లకు ఒక్కటే తొవ్వ. నువ్వు నడిచి ఇంటికొచ్చినవా లేదా? ఇగ ఆ కాళ్లనే అడుగు” అనేది. నేను నడవలేదు, ఎవరో ఎత్తుకొచ్చారు అంటే నవ్వి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టేది.

ఇంకొకటి గుర్తుంది. మా ఇంట్లో వరుసకు అక్క అయ్యే ఒకామెకు ఒడిబియ్యం పోస్తుంటే అత్త వెనక గదిలో తలుపు చాటున కూర్చుంది. భర్త లేనివాళ్ళు ఆ పీట దగ్గరికి రాకూడదు గదా. నేను కోపంగా పోయి పక్కన కూలబడ్డాను. ఆమెకు కోపం లేదు. ముత్తైదువలు దోసిళ్ళతో పసుపుబియ్యం ఒడిలో పోస్తుంటే సందులోంచి చూస్తూ, “ఎంత గట్టి ముడి అది! ఒడి నింపినోల్లది పుట్టిల్లు అయితది. పుట్టింటి గడ్డిపోచకు గూడ ఆడిబిడ్డ కీడు చెయ్యది” అంది. నాకు అది పాతకాలం ముచ్చట అనిపించింది. వాదించాను. అరచెయ్యి వచ్చింది.

యుద్ధం వచ్చాక పెట్రోలు దొరక్క మా బస్సు బొగ్గు మీద నడిచేది. ఆ రోజు కూడా అడవి మొదట్లో ఆగిపోతే, డ్రైవరు దిగి బస్సు వెనక ఉన్న బొగ్గుల పొయ్యి ఎగదోశాడు. తాత కిటికీలోంచి చెయ్యి చాపి, “గదే వాగు” అన్నాడు. ఇసుక, తుంగ, నాలుగు బండరాళ్ళు. చూసి తల తిప్పుకున్నాను.

ఎల్లారెడ్డి చేరేసరికి అత్తను అరుగు మీద పడుకోబెట్టారు. బాపు గోడకు ఆనుకొని ఉన్నాడు. అమ్మ వదినె కాళ్ళ దగ్గర కూర్చుంది. వాకిట్లో సీతాఫలాల గంప దించి, చంకలో చిన్న మూటతో ఒకామె లోపలికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. నేను ఎన్నడూ చూడని మనిషి.

“ఎవలమ్మా నువ్వు?” అన్నది అమ్మ.

“ఆమె నాకు పుట్టిల్లు.”

“ఆమెకు తోడబుట్టింది ఒక్క తమ్ముడే. గా కూసున్నడు. నువ్వెక్కడి పుట్టిల్లు?”

“బతికున్నన్నాల్లు నా గడప తొక్కకు, పోయినంక రా అన్నది. అంగట్ల పండ్లు అమ్ముతుంటె కచేరి ఎన్క చావైందన్నరు. వచ్చిన.” ఆమె వంగి అత్త ముఖం మీది బట్ట తీసింది. బోసి నుదురు, బోసి మెడ చూసి వెనక్కి తగ్గింది. “గిదేంది? ఈమె మొగడు ఎన్నడు పోయిండు?”

“గీ పిల్ల పుట్టకముందే.”

“గట్లెట్లయితది? వాగు కాడ నాకు ఒడి నింపిన ముత్తైదువ గదా ఈమె!”

అమ్మ మెల్లగా లేచింది. “వాగు కాడనా? ఆ పచ్చగాజులదానివి నువ్వేనా?”

“నాకప్పుడు గాజులేడియమ్మా? గాజులు కొనే గతి ఉంటె మా ఆయన పిల్లను ఎత్తుకొస్తడా? పచ్చగాజులు ఆమెకుండె. మోచేతుల దాక.”

అందరం అత్త మణికట్ల వైపు చూశాం. నేను పుట్టినప్పటి నుంచి వాటి మీద దారప్పోగు చూసి ఎరుగను. నా చెవి దగ్గర ఆ గలగల మళ్ళీ వినిపించినట్టయింది.

ఆమె కిందే కూలబడి చెప్పింది. “నగల మూట చేతికొచ్చినంక గూడ మా ఆయన, ఇంకింత తేవాలె, అప్పటిదాంక పిల్లనియ్య అన్నడు. ఆమె వానితోని మాట్లాడలే. నా దిక్కు తిరిగి, ‘నీ పుట్టిల్లేడ బిడ్డా’ అన్నది. ఎవ్వరు లేరన్న. కొంగు పట్టుమన్నది. నగలు కానరాకుంట మీద పోసి తెచ్చిన పసుపుబియ్యం అన్నీ నా ఒడిల పోసింది. ‘ఇగ నాది నీ పుట్టిల్లు. అది నీ పుట్టింటి పిల్ల. కట్టేసి ఉంచుతవా?’ అన్నది. అవుతల తుంగ ఎన్క ఉన్న పిల్ల దగ్గరికి పోయి కట్లు నేనే ఇప్పి తెచ్చిన. వాడు అడ్డం రాలే. నగలు వాడు తీసుకున్నడు, బియ్యం నేను తీసుకున్న.”

అమ్మ బాపు వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆమె ఆయనను సూటిగా చూడటం నేను చూడలేదు.

“మొగోడొస్తె పిల్ల దక్కదు, ముత్తైదువ ఒక్కతే రావాలె అని కబురు పెట్టిండ్రు,” అన్నాడు బాపు. “నువ్వు బాలింతవు. ఎవలను తోలుదు? అక్క, నేను పోత అన్నది. గాజులు నేనే కొన్న. పిల్లను నా చేతికిచ్చి మల్లిపోయి, వాగు కాడ బండకు కొట్టి తనే పలగొట్టుకున్నది. రెండోమారు. ఎవలకు చెప్పొద్దని నెత్తి మీద చెయ్యి పెట్టించుకున్నది.”

“నేను మాట్లాడకుంటె గూడ ఊకున్నవా?”

“చెప్తె ఆమెను ఊర్ల ఉండనిత్తురా?”

ఆ మాటకు జవాబన్నట్టే, అత్త అత్తవారి వైపు ముసలామె ఒకతె మూలనుంచి అందుకుంది. “ముండమోసినంక బొట్టు, గాజులా! ఒకలకు ఒడి నింపుడా! ఎంత పాపం!”

“ఏం పాపమవ్వా?” అన్నది పండ్లామె. “ఆ బియ్యం వండుకతిన్నంక మా ఆయన ఆ పని ఇడిసి కూలికి పోతుండు. ఎన్నడు పండని కడుపు పండింది, నలుగురు పిల్లలు. ముత్తైదువ చేతులు గూడ ఇంత పని చెయ్యయి.” అని మూట విప్పింది. పసుపుబియ్యం. “అంగట్ల బియ్యం కొని పసుపు కలిపి నా పుట్టింటికి తెచ్చిన. ఆమె ఒడిల పొయ్యాలె.”

“తెల్లచీరలనా? ఇంట్ల నేనుండంగ పొయ్యనియ్య!” అని ముసలామె అడ్డం నిలబడింది.

అమ్మ పండ్లామె చేతిలోంచి మూట తీసుకుంది, ముసలామెను దాటుకొని వెళ్ళింది. అత్త తెల్లచీర కొంగు పరిచి, రెండు దోసిళ్ళతో పోసింది. మిగిలింది పోయమని మూట పండ్లామెకు తిరిగి ఇచ్చింది. చివరి దోసిలి నా చేత పోయించింది. నాకు పెళ్ళి కాలేదు, నేను పోయకూడదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. కొంగు ముడి అమ్మే వేసింది.

పాడె లేపేముందు అత్త కుడిచెయ్యి తీసుకొని నా నోటి మీద పెట్టుకున్నాను. చల్లగా ఉంది. చిటికెనవేలు కింది కాయ నా పెదవికి తగిలింది. పసుపు అంటిన వాసన వచ్చింది. గంతల వెనక, ఆ అడవిలో, నేను అరవబోతే అడ్డం వచ్చిన చెయ్యి అదే. అంత మాటకారి మనిషి, తన గొంతు విని నేను ఎక్కడ ‘అత్తా’ అంటానోనని ఆ దారంతా మాట మింగుకొని నడిచింది.

ఆడవాళ్ళం గడప దగ్గరే ఆగిపోయాం. పాడె కచేరి పక్కనుంచి మలుపు తిరిగింది. అమ్మ వేసిన ముడి గట్టిగా పడలేదేమో, మోస్తున్న వాళ్ళ అడుగుల వెంట బియ్యం రాలుతూ పోయింది. వాళ్ళు కనుమరుగైన తర్వాత కూడా ఆ పచ్చని గింజల గీత అత్త గడప నుంచి వీధి చివరి దాకా దుమ్ములో కనిపిస్తూనే ఉంది. ఎవరిదో కోడి పిల్లలను వెంటేసుకొని వచ్చి, ఒక్కొక్క గింజే ఏరుకుంటూ అటే నడిచింది.